మూడు లైన్ల నుంచి పది ఛానెళ్లకు: గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఫోన్ల మార్పిడి

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు ఫోన్ల వ్యవస్థ మార్చిన పని వివరాలివి. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ స్కాన్ అన్నీ ఒకే భవనంలో ఉంటాయి. ముందు గదిలో ఇద్దరు రిసెప్షనిస్టులు, వెనుక ల్యాబ్, పై అంతస్తులో స్కానింగ్, మూలగదిలో అకౌంట్స్. ఇళ్లకు వెళ్లి రక్త నమూనాలు తెచ్చే టెక్నీషియన్లు వేరే. ఇంత మందికీ కలిపి ఉన్నవి మూడు రాగి తీగల ల్యాండ్‌లైన్లు, ఒక పాత ఇంటర్‌కం పెట్టె. యజమాని అయిన డాక్టర్‌గారు నన్ను పిలిపించి చెప్పింది ఒక్క మాటే: "జనం ఫోను దొరకడం లేదంటున్నారండీ, ఇంకో రెండు లైన్లు వేయించండి."

దొరకని కాల్స్ ఎన్ని, ఏ వేళలో అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉండే వీలూ లేదు. బిజీ టోన్ విని పెట్టేసిన మనిషి జాడ రాగి తీగ మీద మన వైపు ఎక్కడా మిగలదు. ఆ మనిషి రెండు వీధుల అవతల ఉన్న ఇంకో ల్యాబ్‌కు ఫోన్ చేసి ఉంటాడు, అంతే. ఇంటర్నెట్ ఫోన్లు చౌక అని అందరూ చెబుతారు. నా దృష్టిలో వాటి అసలు విలువ వేరు: మనం తీయలేకపోయిన కాల్ మనకు కనిపిస్తుంది. ఈ పనిలో తీసుకున్న నిర్ణయాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

ఒకేసారి ఎన్ని కాల్స్?

ఇంటర్నెట్ ఫోన్ల ప్రపంచంలో లైను అనే మాటకు పెద్దగా అర్థం లేదు. నంబరు వేరు, ఛానెల్ వేరు. ఒకే నంబరు మీద పది మంది ఒకేసారి మాట్లాడవచ్చు, పది ఛానెళ్లు ఉంటే. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: రద్దీ గంటలో ఒకేసారి ఎన్ని సంభాషణలు నడుస్తాయి?

రిసెప్షన్‌లో ఒక చిత్తు పుస్తకం పెట్టించి, తీసిన ప్రతి కాల్‌కు ఒక గీత గీయమన్నాం. దొరకని వాళ్లకు కొంత కలిపి, ఉదయం రద్దీ గంటలో అరవై కాల్స్, ఒక్కోటి సగటున మూడు నిమిషాలు అని లెక్కకు తీసుకున్నాం. అంటే గంటలో 180 నిమిషాల మాట. దాన్ని అరవైతో భాగిస్తే మూడు. టెలిఫోన్ ఇంజినీర్లు దీన్నే మూడు ఎర్లాంగులు అంటారు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1917లో ప్రచురించిన సూత్రం నేటికీ చెక్కుచెదరలేదు. అందులో మూడు ఎర్లాంగుల రద్దీ వేసి చూస్తే, మూడు లైన్లుంటే నూటికి దాదాపు 35 మందికి బిజీ వినిపిస్తుంది. డాక్టర్‌గారు అడిగినట్టు రెండు కలిపి ఐదు చేస్తే ఆ సంఖ్య 11కు తగ్గుతుంది. ఏడుకు 2, ఎనిమిదికి ఒకటి కన్నా తక్కువ. బయటికి వెళ్లే కాల్స్ కూడా ఉంటాయి గనక పది ఛానెళ్లు అనుకున్నాం.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు దీని తర్వాతే ఉంది. మూడు ఎర్లాంగులంటే సగటున ముగ్గురు మనుషులు ఆ గంటంతా ఊపిరి సలపకుండా మాట్లాడుతూనే ఉండాలని అర్థం. రిసెప్షన్‌లో ఉన్నది ఇద్దరు. వాళ్లు ఎదురుగా నిలబడ్డ రోగులకు బిల్లులు కూడా రాయాలి. అప్పుడు పది ఛానెళ్లు పెట్టినా, యాభై పెట్టినా జరిగేది ఒకటే: బిజీ టోన్ వినాల్సిన వాళ్లు సంగీతం వింటూ ఎదురుచూస్తారు, క్యూ పెరుగుతూ పోతుంది, చివరికి విసిగి పెట్టేస్తారు. పైగా ఎదురుచూసే ప్రతి కాల్ కూడా ఒక ఛానెల్‌ను పట్టుకునే ఉంటుంది.

అందుకని డాక్టర్‌గారితో, రిసెప్షన్ అమ్మాయిలతో కూర్చుని ఆ అరవై కాల్స్ ఎవరివి, ఎందుకు అన్నది విడదీశాం. నాలుగు రకాలు తేలాయి. "రిపోర్టు వచ్చిందా?" అనేవాళ్లు. "ఇంటికి వచ్చి రక్తం తీస్తారా?" అనేవాళ్లు. "పరగడుపున రావాలా, కాఫీ తాగి రావచ్చా?" అనేవాళ్లు. నాలుగో రకం డాక్టర్లు. ఫలానా రోగి క్రియాటినిన్ ఎంత వచ్చిందో వెంటనే తెలియాలి వాళ్లకు. నిజానికి ఈ నాలుగింటిలో రిసెప్షన్ మాత్రమే చెప్పగలిగింది ఒక్కటీ లేదు. రిపోర్టు సంగతి కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా చెప్పగలరు. ఇంటి నమూనాల సంగతి టెక్నీషియన్ల సూపర్‌వైజర్‌కే తెలుస్తుంది. డాక్టర్‌కు కావలసింది ల్యాబ్.

దాన్నిబట్టి దారులు వేశాం. డాక్టర్లకు వేరే నంబరు ఇచ్చాం. అది ఏ మెనూ లేకుండా నేరుగా ల్యాబ్‌లో మోగుతుంది, అక్కడ తీయకపోతే పాథాలజిస్టు గదిలో మోగుతుంది. మిగతావాళ్లకు ఒక చిన్న పలకరింపు: రిపోర్టులకు 1, ఇంటి వద్ద నమూనాకు 2, పరీక్షకు ముందు ఏం తినకూడదో తెలుసుకోవడానికి 3. ఏమీ నొక్కకుండా ఊరుకుంటే రిసెప్షన్‌కే వెళ్తుంది. పెద్దవాళ్లు చాలామంది ఏమీ నొక్కరు, నొక్కమని వాళ్లను ఇబ్బంది పెట్టకూడదు కూడా. ఆ పలకరింపును స్టూడియోలో చేయించలేదు. రోజూ ఫోను తీసే అమ్మాయి గొంతుతోనే రికార్డు చేశాం. ఊళ్లో చాలామందికి తెలిసిన గొంతు అది. 3 నొక్కితే ఫాస్టింగ్ షుగర్‌కు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదని, మంచినీళ్లు తాగవచ్చని, మందుల సంగతి డాక్టర్‌ను అడగమని పాథాలజిస్టు రాసిచ్చిన నాలుగు వాక్యాలు వినిపిస్తాయి. మనిషి అవసరం లేకుండా తీరిపోయే కాల్ అది. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా అకౌంట్స్‌లోని గుమాస్తా కూడా రిపోర్టుల కాల్స్ తీసేలా చేశాం.

పాత నంబరు పోకూడదు

మొబైల్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకోవడం మనకు అలవాటైపోయింది. 2015 జూలై నుంచి దేశమంతటా ఎక్కడికైనా మార్చుకోవచ్చు. ల్యాండ్‌లైన్ నంబర్లకు మన దేశంలో ఆ సదుపాయం లేదు. ఈ సంగతి తెలియక, కొత్త కంపెనీ దగ్గర ఇంటర్నెట్ ఫోన్లు తీసుకుని, పాతది సరెండర్ చేసి, ఆ తర్వాత లబోదిబోమన్న ఆఫీసులున్నాయి. ఈ సెంటర్ నంబరు ఎన్నో ఏళ్లుగా ఊళ్లోని క్లినిక్కుల ప్రిస్క్రిప్షన్ల మీద, బోర్డుల మీద, జనం డైరీల్లో ఉంది. అది పోతే పది ఛానెళ్లూ దండగ.

మూడు రాగి లైన్లలో ఆ ప్రధాన నంబరును అదే కంపెనీ దగ్గర ఫైబర్‌కు మార్పించాం, నంబరు మారకుండా. ఫైబర్ పెట్టె వెనుక మామూలు ఫోను తగిలించే సాకెట్ ఉంటుంది. అక్కడి నుంచి ఒక తీగ, మామూలు ఫోను లైనును ఇంటర్నెట్ ఫోన్లతో కలిపే గేట్‌వే అనే చిన్న పరికరానికి, గేట్‌వే నుంచి ఆఫీసు కాల్స్ అన్నిటినీ కలిపే మన ఐపీ ఎక్స్ఛేంజీకి. ఇప్పుడు పాత నంబరుకు వచ్చే కాల్ కూడా కొత్త మెనూలోకి, కొత్త క్యూలోకి, కొత్త లెక్కల్లోకి వస్తుంది. మిగతా రెండు లైన్లు సరెండర్ చేశాం.

పది ఛానెళ్ల సిప్ ట్రంకును, అంటే ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే ఫోన్ల కనెక్షన్‌ను, లైసెన్సు ఉన్న వేరే కంపెనీ దగ్గర తీసుకున్నాం, గుంటూరు కోడ్ 0863తోనే. పాత నంబరు మీద ఒకసారికి ఒక్క కాలే పడుతుంది గనక, అది బిజీగా ఉన్నప్పుడు కొత్త ప్రధాన నంబరుకు మళ్లేలా పాత కంపెనీ వైపే పెట్టించాం. మళ్లించిన ప్రతి కాల్ పాత లైను ఖాతాలో బయటికి వెళ్లిన కాల్ కింద లెక్కపడుతుంది. అందుకే ఆ లైనుకు అపరిమిత కాల్స్ ప్లాన్ ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ట్రంకు విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో మామూలు ఫోన్లతో కలిసే ఇంటర్నెట్ కాల్స్ లైసెన్సు ఉన్న టెలికం కంపెనీ ద్వారానే నడవాలి. సిమ్ కార్డులు గుచ్చిన పెట్టెలతో, ఎక్కడివో తెలియని విదేశీ సర్వర్లతో సగం ధరకే ఇస్తామని తిరిగేవాళ్లుంటారు. అది చట్టవిరుద్ధం. కేసు పడితే ఆ పెట్టె అమ్మినవాడు దొరకడు, అది ఎవరి గదిలో ఉందో వాళ్లు దొరుకుతారు. మంచి కంపెనీ అయితే జీఎస్టీ పత్రం, చిరునామా రుజువు, సంతకం చేసే వ్యక్తికి అధికార పత్రం అడుగుతుంది, మనిషిని పంపి చోటు చూస్తుంది. కాస్త విసుగు పుట్టించినా ఆ తతంగం మన మేలుకే.

గదిలో ఏమేం పెట్టాం

ఎక్స్ఛేంజీగా ఎస్ఎస్‌డీ ఉన్న ఒక చిన్న కంప్యూటర్, దాని మీద ఆస్టరిస్క్. మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎన్నో చిన్న ఆఫీసుల్లో, చడీచప్పుడు లేకుండా పనిచేస్తోంది. బల్లల మీద ఐపీ ఫోన్లు. వాటికి కరెంటు కూడా నెట్‌వర్క్ తీగలోనే వెళ్లేలా పీఓఈ స్విచ్. ఫోన్లకు, కంప్యూటర్లకు వేర్వేరు వీల్యాన్‌లు, అంటే ఒకే స్విచ్ మీద విడివిడి నెట్‌వర్కులు. టెక్నీషియన్ల మొబైళ్లలో ఒక యాప్. అది వీపీఎన్ ద్వారానే, అంటే ఇంటర్నెట్ మీద తాళం వేసిన దారిలోనే, ఎక్స్ఛేంజీకి చేరుతుంది. ఆఫీసు బయట ఎక్స్‌టెన్షన్ (ఎక్స్ఛేంజీ లోపలి నంబరు) వాడటానికి ట్రంకు ఇచ్చిన కంపెనీ నుంచి రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాం.

32 సెకన్లకు తెగే కాల్

కొత్త ట్రంకు మీద పరీక్షలు మొదలుపెట్టగానే ఒక విచిత్రం. బయటి నుంచి కాల్ వస్తుంది, మోగుతుంది, తీస్తే రెండు వైపులా మాట శుభ్రంగా వినిపిస్తుంది. అర నిమిషం దాటగానే టక్కున తెగిపోతుంది. మళ్లీ చేసినా అంతే. గడియారం పెట్టి చూస్తే ప్రతిసారీ 32 సెకన్లే. ఇటు నుంచి చేసిన కాల్స్ తెగడం లేదు గానీ, అవతలివాళ్లు పెట్టేసినా మన ఫోనుకు ఆ సంగతి తెలియడం లేదు. కాల్ నడుస్తున్నట్టే చూపిస్తోంది.

32 అనే అంకె చూడగానే సగం పని అయిపోయినట్టే. ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే, తెంచే నియమాలే సిప్ ప్రోటోకాల్. అందులో మనం ఫోను తీసినప్పుడు మన ఎక్స్ఛేంజీ 'తీశాను' అన్న సందేశం పంపుతుంది. దానికి అవతలి నుంచి 'అందింది' అన్న జవాబు రావాలి. రాకపోతే అర సెకనుకోసారి మొదలుపెట్టి, ఎడం పెంచుతూ మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు గడిచినా జవాబు రాకపోతే కాల్‌ను తెంచేస్తుంది. 2002లో వచ్చిన సిప్ ప్రమాణంలోనే ఈ లెక్క ఉంది.

నెట్‌వర్క్ మీద వెళ్లే డేటా ముక్కలను, అంటే ప్యాకెట్లను, పట్టి చూస్తే కారణం కళ్ల ముందే ఉంది. మన ఎక్స్ఛేంజీ పంపిన 'తీశాను' సందేశంలో, ఇకపై నన్ను ఫలానా చిరునామాలో కలవండి అని చెప్పే వరుస ఒకటి ఉంటుంది. అక్కడ 192.168.1.20 అని ఉంది. అది ఆ భవనం లోపలి చిరునామా. బయటి ప్రపంచానికి దానితో పనిలేదు. కంపెనీ సర్వర్ 'అందింది' అన్న జవాబును ఆ చిరునామాకే పంపుతోంది, అది దారిలోనే గల్లంతవుతోంది. అవతలివాళ్లు పెట్టేసినప్పుడు వచ్చే ముగింపు సందేశానికీ అదే గతి. లక్షణాలు రెండు, జబ్బు ఒకటి. మరి మాట ఎందుకు వినిపించింది? కంపెనీ సర్వర్ మాట ప్యాకెట్ల విషయంలో మనం రాసిచ్చిన చిరునామాను పట్టించుకోదు, మన నుంచి ప్యాకెట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి అక్కడికే తిరిగి పంపుతుంది. మాట బాగానే ఉంది కదా అని అందరూ ఫోన్లను, తీగలను అనుమానిస్తూ కాలం గడుపుతారు.

వైద్యం రెండు చోట్ల చేశాం. ఆస్టరిస్క్‌లో బయటి స్థిర ఐపీ చిరునామా ఏది, లోపలి నెట్‌వర్క్ ఏది అని స్పష్టంగా రాశాం. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపేశాం. ఇది సిప్ సందేశాల్లోని చిరునామాలను తనే దిద్దుతానని ముందుకొచ్చే సదుపాయం. అరకొరగా దిద్ది చిక్కులు తెస్తుంది. నేను చూసిన చిన్న ఆఫీసు రౌటర్లలో ఇది చాలావాటిలో ముందే ఆన్ చేసి ఉంటుంది. కొత్త రౌటర్ పెట్టెలోంచి తీయగానే దీన్ని ఆపడం నాకు అలవాటు.

సీటీ వెళ్తున్నప్పుడు గొంతు నలగడం

ఇంటర్నెట్ ఎంత స్పీడు కావాలని ప్రతి క్లయింటూ అడుగుతారు. లెక్క చూద్దాం. గొంతును డేటాగా మార్చే జీ.711 కోడెక్‌లో ఒక కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు 50 ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్‌లో మాట 160 బైట్లు, చిరునామాల వంటివి ఉండే శీర్షికలన్నీ కలిపితే ఆఫీసు నెట్‌వర్క్ (ఈథర్నెట్) మీద 218 బైట్లు. అంటే ఒక కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 87 కిలోబిట్లు. పది కాల్స్‌కు ఒక మెగాబిట్ కూడా నిండదు. సెంటర్‌లో ఉన్నది 100 మెగాబిట్ల ఫైబర్. అయినా రోజులో కొన్నిసార్లు గొంతులు ముక్కలు ముక్కలుగా వచ్చేవి.

ఆ వేళలు రాసి పెట్టమన్నాం. పై అంతస్తు సీటీ గది రిజిస్టర్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయాయి. రాత్రివేళల్లో, సెలవు రోజుల్లో, రద్దీగా ఉన్నప్పుడు స్కాన్లను వేరే ఊళ్లో ఉన్న రేడియాలజిస్టుకు పంపుతారు. ఒక్క సీటీ పరీక్ష బొమ్మలు వందల మెగాబైట్లు. అది వెళ్తున్నంతసేపూ అప్‌లోడ్ అంచుల దాకా నిండుతుంది. ఫైబర్ పెట్టెలో ప్యాకెట్లు బారులు తీరుతాయి, వాటి మధ్యలో మాట ప్యాకెట్లు ఇరుక్కుంటాయి. కలెక్టరేట్ ముందు లారీల బారులో చిక్కుకున్న అంబులెన్సు పరిస్థితి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని అంతర్జాతీయ టెలికం సంఘం జీ.114 సిఫార్సు చెబుతుంది. సీటీ వెళ్తున్నప్పుడు ఆలస్యం అంతకు మించడమే కాక, ప్యాకెట్ ప్యాకెట్‌కూ మారిపోతోంది. చెవికి ఆ మార్పు ఇంకా బాధ.

స్పీడు పెంచినా ఫలితం ఉండదు, అప్‌లోడ్ చేసే ప్రోగ్రాం ఎంత ఇస్తే అంతా మింగుతుంది. చేయాల్సింది బారు ఎక్కడ కట్టాలో మన చేతిలోకి తెచ్చుకోవడం. రౌటర్‌లో అప్‌లోడ్‌ను అసలు వేగానికి కాస్త తక్కువకు కట్టేశాం. దానితో బారు ఫైబర్ పెట్టెలో కాకుండా రౌటర్‌లోనే ఏర్పడుతుంది. మాట ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 అనే ప్రాధాన్య ముద్ర వేయించి, ఆ ముద్ర ఉన్నవి ముందు వెళ్లేలా రాశాం. ఆ తర్వాత సీటీ పంపమని చెప్పి, అదే సమయంలో ల్యాబ్ ఫోను నుంచి మాట్లాడి చూశాం. తేడా డాక్టర్‌గారే గుర్తుపట్టారు. సీటీ వెళ్లడానికి పట్టే సమయం పెద్దగా పెరగలేదు.

పాత లైను పెట్టేయడం లేదు

గేట్‌వే దగ్గర వచ్చిన చిక్కు చిన్నదే గానీ, ఇక్కడి పరిస్థితులకు ప్రత్యేకం. పాత నంబరుకు కాల్ వచ్చి, అవతలివాళ్లు పెట్టేసిన తర్వాత కూడా గేట్‌వే లైనును వదలడం లేదు. దానితో తర్వాత వచ్చేవాళ్లకు బిజీ. ఇలాంటి లైన్ల మీద అవతలివాళ్లు పెట్టేశారన్న సంగతి గేట్‌వేకు టోన్ ద్వారానే తెలుస్తుంది. మన దేశంలో బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. గేట్‌వే అమెరికా టోన్లకు అమర్చి ఉంది. అక్కడ 480, 620 హెర్ట్జ్‌లు కలిసి అర సెకను మోగి అర సెకను ఆగుతాయి. అది ఎన్నటికీ రాని టోన్ కోసం ఎదురుచూస్తోంది. లైను మీది శబ్దాన్ని రికార్డు చేసి, కొలిచి, ఆ అంకెలే గేట్‌వేలో రాశాం. ఫోన్ చేసినవాళ్ల నంబరు కనిపించకపోవడం కూడా ఇలాంటిదే. ఈ లైను మీద నంబరు డీటీఎంఎఫ్ పద్ధతిలో (బటన్లు నొక్కితే వచ్చే టోన్ల రూపంలో) వస్తోంది, గేట్‌వే వేరే పద్ధతికి అమర్చి ఉంది. నంబరు రాకపోతే తీయని కాల్‌కు తిరిగి ఫోన్ చేయలేం గనక దీన్ని చిన్న విషయమని వదిలేయలేదు.

డయల్ చేసే తీరు

పాత ఇంటర్‌కంలో బయటి లైనుకు ముందు 0 నొక్కాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు నంబరు ముందు 0 తప్పనిసరి. ఈ రెండూ కలిసి సిబ్బంది రెండు సున్నాలు నొక్కడం, ఒకటి మర్చిపోవడం, తప్పు నంబరు అనే గొంతు వినడం మామూలైంది. కొత్త ఎక్స్ఛేంజీలో ఆ బాధ తీసేశాం. 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలు నొక్కితే 0 అదే చేర్చుకుంటుంది. ఒక సున్నాతో నొక్కినా, రెండు సున్నాలతో నొక్కినా సరిదిద్దుకుంటుంది. మొబైల్‌లో నొక్కినట్టే ఇక్కడా నొక్కవచ్చని చెప్పడంతో శిక్షణ ముగిసింది.

112, 108, 101 నంబర్లకు వేరే దారి పెట్టాం. అవి ముందు ట్రంకు మీద ప్రయత్నించి, కుదరకపోతే పాత లైను గేట్‌వే ద్వారా వెళ్తాయి. సీటీ గదిలో కాంట్రాస్ట్ ఇంజెక్షన్ పడక మనిషి కుప్పకూలితే, ఆ క్షణంలో ఫోను పనిచేయాలి. అప్పగించే ముందు మిగతావన్నీ సిబ్బంది పరీక్షించారు, ఈ దారిని మాత్రం నేనే దగ్గరుండి చూశాను.

కరెంటు, దొంగలు

రాగి తీగ ఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది. ఇప్పుడు ఫైబర్ పెట్టె, రౌటర్, స్విచ్, ఎక్స్ఛేంజీ కంప్యూటర్ అన్నిటికీ మనమే ఇవ్వాలి. సెంటర్‌లో ఇన్వర్టర్ ఉంది, సరిపోతుందన్నారు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కనురెప్పపాటులో రౌటర్ ఆగి మళ్లీ మొదలైతే ఫోన్లన్నీ తిరిగి రావడానికి నిమిషాలు పడుతుంది. నడుస్తున్న కాల్స్ సరేసరి. వీటి వరకు ఒక చిన్న ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టించాం. అందులో మారే విరామం ఉండదు. ఫైబర్ తెగితే ఫోన్లు రెండో కంపెనీ ఇంటర్నెట్ మీద వీపీఎన్ ద్వారా నడుస్తాయి. అదీ లేకపోతే కొత్త ప్రధాన నంబరుకు వచ్చే కాల్స్ సూపర్‌వైజర్ మొబైల్‌కు మళ్లేలా ట్రంకు కంపెనీ వైపే అమరిక ఉంది.

సిప్ ఎక్స్ఛేంజీని ఇంటర్నెట్ మీద తెరిచి పెడితే కొన్ని గంటల్లోనే సిప్ వాడే 5060 పోర్టు తలుపు తట్టేవాళ్లు మొదలవుతారు. పాస్‌వర్డ్ ఊహించి లోపలికి వచ్చి, శనివారం రాత్రి నుంచి సోమవారం పొద్దుటి దాకా విదేశాలకు కాల్స్ మోగించి, బిల్లు మన నెత్తిన పెడతారు. ట్రంకు కంపెనీ చిరునామా నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ సిప్ రాకుండా కట్టేశాం. విదేశీ కాల్స్‌ను మన ఎక్స్ఛేంజీలోనే కాక కంపెనీ వైపు కూడా ఆపించాం. రెండో తాళం ముఖ్యం, మొదటిది విరిగినా అది నిలబడుతుంది.

ఈ లైన్ల మీద హెల్త్ ప్యాకేజీల ప్రచారం కూడా చేద్దామని మార్కెటింగ్ చూసే అబ్బాయి అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. ప్రచార కాల్స్‌కు టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నాటి నిబంధనల కింద రిజిస్ట్రేషన్, 140తో మొదలయ్యే నంబర్లు కావాలి. ఫిర్యాదులు వస్తే కనెక్షన్లే తీసేస్తారు. ఊరంతటికీ తెలిసిన నంబరును దానికోసం పణంగా పెట్టకూడదు. కాల్ రికార్డింగ్‌ను డాక్టర్ల నంబరుకు మాత్రమే పెట్టాం, ముందు ఆ సంగతి చెప్పి. రోగులు చెప్పుకునే ఆరోగ్య విషయాలు అవసరం లేకుండా దాచడం నాకు ఇష్టం లేదు, 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం తర్వాత తెలివైన పని కూడా కాదు.

తీయని కాల్స్ జాబితా

తీయలేకపోయిన కాల్ కనిపించడమే అసలు విలువ అని మొదట్లో చెప్పిన మాట పనికొచ్చింది ఇక్కడే. క్యూలో ఎదురుచూసి పెట్టేసినవి, సెంటర్ తెరవకముందు వచ్చినవి, ఎవరూ తీయనివి అన్నీ ఒక తెర మీద వరుసగా వస్తాయి: నంబరు, వేళ, ఎంతసేపు ఎదురుచూశారు, ఏ దారిలో వచ్చారు. ఆ నంబరుకు మనవాళ్లు తిరిగి ఫోన్ చేసి మాట్లాడగానే వరుస దానంతటదే పోతుంది. రద్దీ తగ్గగానే రిసెప్షన్‌లో ఒకరు ఆ జాబితా ఖాళీ చేయాలి. సాయంత్రం డాక్టర్‌గారి మొబైల్‌కు మిగిలిన సంఖ్య మాత్రం వెళ్తుంది.

మొదటి వారాల్లోనే ఆ జాబితా ఎవరూ ఊహించని సంగతి చెప్పింది. సెంటర్ ఏడింటికి తెరుస్తారు. ఆరు నుంచి ఏడు మధ్యలో వచ్చే కాల్స్ ఇన్ని ఉంటాయని ఎవరికీ తెలియదు, పాత రోజుల్లో ఖాళీ గదిలో మోగి ఆగిపోయేవి. నంబర్లకు తిరిగి చేసి అడిగితే చాలామంది ముసలివాళ్ల పిల్లలు. పరగడుపు షుగర్‌కు ఇంటికి రమ్మనడానికి, అమ్మకు ఆకలి తట్టుకోవడం కష్టం త్వరగా రమ్మనడానికి. కొందరు హైదరాబాద్ నుంచి, కొందరు అమెరికా నుంచి అమ్మానాన్నల కోసం చేస్తున్నవాళ్లు. ఆ గంటలో ఇళ్లకు బయల్దేరే టెక్నీషియన్లు అప్పటికే మేలుకొని బండ్ల మీద ఉంటారు. ఆరింటి నుంచి 2 నొక్కిన కాల్స్, ఏమీ నొక్కని కాల్స్ వాళ్ల సూపర్‌వైజర్ యాప్‌లో మోగేలా మార్చాం. ఇంటి నమూనాల పని పెరగడంతో ఇంకో టెక్నీషియన్‌ను తీసుకున్నారు. కొత్త లైన్ల కోసం అడిగిన డాక్టర్‌గారికి చివరికి కావలసి వచ్చింది ఇంకో మనిషి.

ఇంకో సంగతి కూడా ఆ తెర మీదే బయటపడింది. 1 నొక్కినవాళ్లలో ఒకే నంబరు ఒకే రోజు మళ్లీ మళ్లీ కనిపించేది. రిపోర్టు ఏ గంటకు సిద్ధమవుతుందో బిల్లు మీద రాయకపోవడమే దానికి కారణం. ఇప్పుడు రాస్తున్నారు, ఆలస్యమైతే ల్యాబ్ నుంచి ముందే ఫోన్ చేస్తున్నారు.

తెనాలి

తర్వాతి పని తెనాలిలో తెరవబోయే నమూనా సేకరణ కేంద్రం. అక్కడ రెండు ఐపీ ఫోన్లు పెట్టి వీపీఎన్ మీద గుంటూరు ఎక్స్ఛేంజీకి కలపడం సాంకేతికంగా పెద్ద పని కాదు. లోపలి కాల్స్ వరకు అలాగే చేస్తాం. బయటి కాల్స్ సంగతి వేరు. గుంటూరు 0863, తెనాలి 08644. తెనాలి బల్ల మీది ఫోను నుంచి గుంటూరు నంబరుతో బయటికి మాట్లాడటానికి ట్రంకు కంపెనీ రాతపూర్వక అంగీకారం కావాలని లేఖ పెట్టాం. అది వచ్చేదాకా తెనాలి కౌంటర్‌లో అక్కడి కోడ్‌తో ఒక ఫైబర్ ల్యాండ్‌లైన్, దానికి ఒక చిన్న గేట్‌వే. భారతీయ టోన్లు ముందే రాసి పెట్టాను. ఆ కౌంటర్‌లో తీయని కాల్స్ కూడా గుంటూరు తెర మీదకే వస్తాయి.